విలన్ ఎవరి మనిషి?

షేక్స్‌పియర్ "లియర్ రాజు" నాటకంలో మూడో అంకం ఏడో రంగం పాఠం చెబుతూ వుండగా ఒక విద్యార్థి లేచి ఒక ప్రశ్న వేశాడు. ఆ రంగంలో కార్న్‌వాల్ ప్రభువు ముసలి గ్లౌస్టర్‌ను కుర్చీకి కట్టించి కళ్లు పీకుతాడు. ఒక కన్ను పోయింది. రెండోది పోబోతుండగా కార్న్‌వాల్ సొంత నౌకరు ఒకడు అడ్డం వస్తాడు. చిన్ననాటి నుంచి తాను చేసిన కొలువంతటిలోకీ ఈ అడ్డుకోవడమే మేలైన సేవ అంటాడు. కార్న్‌వాల్ వాణ్ణి "విలన్" అని తిడతాడు. అంతవరకే అయితే పేచీ లేదు. ఆ మాటకు ముందు "నా" అని కూడా చేరుస్తాడు. "'నా విలన్' అనడమేమిటి మాస్టారూ? దుర్మార్గుణ్ణి ఎవరైనా నావాడంటారా?" అని ఆ కుర్రవాడి సందేహం.

నా చేతిలో వున్న ప్రతిలో సంపాదకుడు అడుగున చిన్న అక్షరాలతో "కట్టుబానిస" అని అర్థమిచ్చి చేతులు దులుపుకున్నాడు. పరీక్షకు అది చాలు. కాని కుర్రవాడు అడిగింది పరీక్ష ప్రశ్న కాదు. కట్టుబానిస అనే అర్థం గల మాట దుర్మార్గుడనే అర్థం లోకి ఎట్లా వచ్చింది? ఎవరు తెచ్చారు? తేవడం వల్ల ఎవరికి లాభం? సాహిత్య విమర్శకు సంబంధం లేని శబ్దశాస్త్రం గొడవ అని దీన్ని తోసిపుచ్చడానికి వీల్లేదు. మన కథల్లో, నవలల్లో, సినిమాల్లో ఇవాళ నిత్యం తిరుగుతున్న మాట ఇదే.

లాటిన్‌లో "విల్లా" అంటే పొలమూ పుట్రా గల పల్లెటూరి ఆస్తి. ఆ ఆస్తికి అంటిపెట్టుకుని సేద్యం చేసేవాడు "విల్లానుస్". అది ఫ్రెంచిలో "విలాఁ" అయి, 1066లో నార్మన్ల దండయాత్రతో ఇంగ్లండు చేరింది. 1086లో విలియం రాజు దేశమంతటా భూములు లెక్క వేయించి డూమ్స్‌డే గ్రంథం రాయించినప్పుడు అందులో నమోదైన జనంలో సుమారు అయిదింట రెండు వంతుల మంది ఈ పేరుతోనే నమోదయ్యారు. అంటే విలన్ అనేవాడు ఎక్కడో చీకట్లో పొంచి వుండే అరుదైన ప్రాణి కాదు. దేశానికి అన్నం పెట్టే సామాన్యుడు.

అతని బతుకు ఎట్లాంటిదో చూడండి. తన కమతం తాను సాగుచేసుకుంటూనే వారానికి రెండు మూడు రోజులు దొర సొంత సేద్యంలో కూలి లేకుండా పనిచేయాలి. కోతల కాలంలో అది చాలదన్నట్టు అదనపు పని. కూతురికి పెళ్లి చేయాలంటే దొరకు రుసుము కట్టాలి. ఇంటి పెద్ద చచ్చిపోతే దొడ్లో వున్నవాటిలో మంచి పశువును దొర తోలుకుపోతాడు. పిండి దొర మరలోనే ఆడించుకోవాలి, ఆ ఆడకూలి దొరకే చెల్లించాలి. ఊరు విడిచి పోవాలంటే సెలవు, సెలవుకు పన్ను. తెలంగాణా వెట్టిని గురించి పెద్దల నోట విన్నవారికి ఈ పట్టిక వింతగా తోచదు. పదమూడో శతాబ్దపు ఇంగ్లీషు న్యాయవేత్తలు విలన్‌ను గుర్తుపట్టడానికి ఒక పరీక్ష పెట్టుకున్నారు. తెల్లవారితే ఏ పని చేయవలసి వస్తుందో ముందునాటి సాయంత్రం తెలియనివాడు విలన్. శాస్త్రగ్రంథాలలో ఇంత నిక్కచ్చిగా బానిసత్వాన్ని పట్టి చూపిన మాట నేను మరొకటి ఎరగను. రాసినవాడికి జాలి వుందని కాదు, లెక్క సరిగా చూశాడని.

ఇంకో విశేషం వుంది. ఇంగ్లీషు చట్టం దృష్టిలో విలన్ లోకమంతటి ఎదుట స్వతంత్రుడే, ఒక్క తన దొర ఎదుట తప్ప. దారిన పోయేవాడు కొడితే రాజుగారి న్యాయస్థానంలో దావా వేయవచ్చు. దొర కమతం లాక్కుంటే వేయడానికి లేదు. 1215 నాటి మాగ్నా కార్టాను ప్రజాస్వామ్యానికి తొలి పత్రమని పాఠాల్లో చదువుకుంటాం. అందులో విచారణ లేకుండా ఎవరినీ ఖైదు చేయరాదన్న హామీ "స్వతంత్ర పురుషుడి"కి మాత్రమే. కాబట్టి విలన్ అనేది గుణాన్ని చెప్పే మాట కాదు, సంబంధాన్ని చెప్పే మాట. ఎవరి విలన్ అని అడగకుండా ఆ మాటకు అర్థమే లేదు. కార్న్‌వాల్ "నా" అనడంలో వ్యాకరణ దోషం ఏమీ లేదు, పాత వ్యాకరణమే అది.

మరి ఆ మాటకు దుర్మార్గం ఎట్లా అంటుకుంది? ఇది ఒక్క మాటకు పట్టిన గతి కాదు. "చర్ల్" అనే మాట ఆంగ్లో-సాక్సన్ కాలంలో స్వతంత్రుడైన రైతును చెప్పేది. తర్వాత మోటు మనిషి, లోభి అయింది. (అదే కుటుంబానికి చెందిన జర్మన్ మాట "కార్ల్" చక్రవర్తుల పేరయింది, మనకు బాగా పరిచయమైన మరొక గడ్డపాయన పేరూ అయింది.) డచ్చి భాషలో రైతును చెప్పే "బూర్" ఇంగ్లీషులోకి వచ్చి మర్యాద తెలియనివాడయ్యాడు. "క్లౌన్" మొదట పల్లెటూరివాడు, పిదప విదూషకుడు. పైవైపు చూస్తే అంతా దీనికి తలకిందులు. మంచి వంశంలో పుట్టినవాడు అనే అర్థం గల "జెంటిల్" మృదువైనవాడయ్యాడు. వంశం గలవాడు అనే అర్థం నుంచి "జెనరస్" వచ్చింది, దాత అయింది. గాల్ దేశాన్ని జయించిన జాతి పేరు "ఫ్రాంక్" నిష్కపటానికి పేరయింది. గెలిచినవాడు కపటంతో మాట్లాడవలసిన అవసరం లేదు గదా!

అన్నిటికన్న చక్కని ఉదాహరణ రెండు మాటల జంట. పాత ఇంగ్లీషులో "క్నిహ్ట్" అన్నా "క్నాఫా" అన్నా కుర్రవాడు, నౌకరు అనే అర్థం. ఇద్దరూ పనివాళ్లే. మొదటివాడికి గుర్రమూ కత్తీ దొరికాయి, వీరుడైన "నైట్" అయ్యాడు. రెండోవాడు వంటింట్లో వుండిపోయాడు, వంచకుడైన "నేవ్" అయ్యాడు. ఈ ఇద్దరు కుర్రవాళ్ల నడుమ తేడా గుణంలో వుందని చెప్పడానికి ఎంత పండితుడికైనా ధైర్యం చాలదు.

ఈ పరిణామాన్ని గురించి సి. ఎస్. లూయిస్ తన "మాటల అధ్యయనాలు" అనే గ్రంథం (1960) లో విలువైన చర్చ చేశాడు. హోదాను చెప్పే మాటలు శీలాన్ని చెప్పే మాటలుగా మారతాయని ఆయన సూత్రం. దీనికి మనుషుల డాబుసరి తత్వం ఒక్కటే కారణం కాదంటాడు. మనకన్న పైవారు గుణంలోనూ పైవారై వుంటారనే ఆశ ఒక కారణమట. ఫలానా హోదాకు ఫలానా నడవడి తగినదని అనుకున్న తర్వాత, ఆ నడవడి హోదా గలవారిలో లేకపోవడమూ, లేనివారిలో వుండడమూ మనసు గమనించక తప్పదు. అప్పుడు మాట హోదాను వదిలి గుణాన్ని పట్టుకుంటుందని మరొక కారణం. లూయిస్ మతవాది, సంప్రదాయవాది. అయినా ఈ రెండో మాటలో పస వుంది, దాన్ని మళ్లీ తలుచుకుందాం. మొదటి మాటను మాత్రం ఒప్పుకోలేను. పైవారు మంచివారై వుంటారన్న ఆశ ఎవరిది? కూతురి పెళ్లికి రుసుము కట్టిన రైతుదా? ఆ ఆశ సరే, కిందివాడు చెడ్డవాడై వుంటాడన్నది ఎవరి ఆశ? అది ఆశ కాదు, అవసరం. వారానికి మూడు రోజులు కూలి లేకుండా పనిచేయించుకునేవాడికి, పనిచేసేవాడు స్వభావం చేతనే నీచుడని నమ్మడం అవసరం.

ఆ అవసరం తీర్చినవారు ఫ్రెంచి ఆస్థాన కవులు. వాళ్ల కావ్యాలలో "ఆస్థానానికి తగినవాడు" అనే మాటకు ఎదురుగా నిలిచేది "విలాఁ". ఆస్థానం తెలియనివాడికి ప్రేమ తెలియదు, మర్యాద తెలియదు, దయ తెలియదు. రాసింది ఎవరు, చదివింది ఎవరు అన్నది చూసుకుంటే ఇందులో ఆశ్చర్యపడవలసింది లేదు. విలన్‌కు అక్షరం రాదు. తన పేరును గురించి తాను ఏమనుకున్నాడో అతను రాసిపెట్టలేదు.

రాసిపెట్టలేదు గాని, చేసి చూపించాడు. 1348-49లో వచ్చిన ప్లేగు మహామారి తర్వాత కూలిజనం కరువైతే, కూలిరేట్లు పెరగకుండా 1351లో చట్టం చేశారు. తలపన్ను మీద తలపన్ను వేశారు. 1381 జూన్‌లో కెంట్, ఎసెక్స్ రైతులు లండన్ మీదికి నడిచారు. మైల్ ఎండ్‌లో బాలరాజు రిచర్డ్ ముందు వారు పెట్టిన కోరికల్లో మొదటి వరస కోరిక "విలన్" అనే హోదానే రద్దు చేయమని. ఎకరానికి నాలుగు పెన్నీల శిస్తు చాలునన్నారు. దారి పొడవునా దొరల కచేరీల దస్తావేజులు వెతికి తగలబెట్టారు. తమను విలన్‌లని పిలిచే కాగితం ఎక్కడుందో వారికి బాగా తెలుసు.

సెంట్ ఆల్బన్స్ మఠంలో జరిగిన సంగతి మరీ గుర్తుంచుకోదగ్గది. అక్కడి మఠాధిపతి ఒకప్పుడు ఊరివాళ్ల ఇళ్లలోని తిరగళ్లన్నీ జప్తు చేయించాడు, అందరూ మఠం మరలోనే ఆడించుకోవాలని. జప్తు చేసి పారవేయలేదు. మఠంలో తన గది ముందు నేలకు పరిపించాడు. అయిదు దశాబ్దాల తర్వాత 1381లో ఊరివాళ్లు మఠంలో జొరబడి ఆ రాళ్లు పెకలించి, ముక్కలు చేసి, గుడిలో ప్రసాదం పంచుకున్నట్టు పంచుకుని ఇళ్లకు తీసుకుపోయారు. ఈ సంగతి మనకు చెప్పినవాడు అదే మఠానికి చెందిన సన్యాసి థామస్ వాల్సింగ్‌హామ్. వాళ్లను దుర్మార్గులుగా చూపడానికే ఆయన రాశాడు. మన అమ్మమ్మల తిరగలి ఎరిగిన మనకు ఆ రాతలో దుర్మార్గం ఒకవైపే కనిపిస్తుంది, అదీ రాసినవాడు చూపిన వైపు కాదు. జూన్ 15న స్మిత్‌ఫీల్డ్‌లో వాట్ టైలర్‌ను చంపారు. రాజు ఇచ్చిన విముక్తి పత్రాలు జులైలో రద్దయ్యాయి. ఆదిదంపతుల కథ ఆధారంగా మనుషులంతా పుట్టుకతో సమానులని బోధించిన జాన్ బాల్‌ను జులై 15న ఆ సెంట్ ఆల్బన్స్‌లోనే ఉరితీసి ముక్కలు చేశారు.

ఇక్కడితో ఆపి, పాలకవర్గం రైతు పేరును తిట్టుగా మార్చింది అని తేల్చివేస్తే మనలో చాలామందికి తృప్తిగా వుంటుంది. కాని మాటలు అంత విధేయంగా నడుచుకోవు. ఒకసారి తిట్టుగా మారిన మాట ఎవరి చేతికైనా చిక్కుతుంది. ఆ తిరుగుబాటును కళ్లారా ఎరిగిన చాసర్ తన "కాంటర్బరీ కథల"లో బాత్ ఇల్లాలి కథలో ఒక ముసలిదాని చేత సుదీర్ఘంగా వాదింపజేస్తాడు: పెద్దరికం తాతముత్తాతల నుంచి సంక్రమించేది కాదు, చేతల వల్ల వచ్చేది, చెడ్డపని చేస్తే ప్రభువు కొడుకైనా నీచుడేనని. లూయిస్ రెండో కారణం ఇక్కడ పనిచేస్తుంది. నీచత్వం నడవడిలో వుందని ఒప్పుకున్న మరుక్షణం అది దొర ఇంటి తలుపు కూడా తట్టగలదు.

షేక్స్‌పియర్‌కు వచ్చేసరికి తలుపు తట్టడం కాదు, విరగ్గొట్టడమే. మూడో రిచర్డ్ రాజవంశీకుడై వుండి తాను విలన్ కాదలచానని నాటకం తెర లేవగానే ప్రకటిస్తాడు. హామ్లెట్ ఆ మాటను సింహాసనం మీద వున్న పినతండ్రిపై విసురుతాడు. "మీకు నచ్చినట్టు" నాటకంలో అన్న ఒలివర్ తమ్ముణ్ణి విలన్ అని తిడితే తమ్ముడు ఆర్లాండో దాన్ని పాత అర్థంలో పట్టుకుంటాడు: నేను సర్ రోలండ్ కొడుకును, ఆయనకు విలన్‌లు పుట్టారనేవాడే ముమ్మారు విలన్ అని. ఒక్క జవాబులో పుట్టుకా, గుణమూ రెండూ ఢీకొంటాయి. 1929లో వొలోషినోవ్ మాట అనేది వర్గపోరాటం జరిగే రంగస్థలమని రాశాడు. భాష ఏ వర్గానికీ సొంతం కాదని, ఉపరితలంలో భాగం కాదని 1950లో స్టాలిన్ మార్ శిష్యులను ఖండించాడు. ఈ రెండూ పరస్పరం కొట్టుకునే మాటలని మనవాళ్లు కొందరు అనుకున్నారు. విలన్ చరిత్ర చూస్తే రెండింటికీ చోటు వున్నట్టే కనిపిస్తుంది. ఇరుపక్షాల చేతిలో వున్నది ఒకే కత్తి, లాక్కోవడం దాని కోసమే.

చట్టంలో మాత్రం ఆ మాట మెల్లగా చచ్చిపోయింది. 1574లో ఎలిజబెత్ రాణి తన ఎస్టేట్లలో మిగిలిన విలన్‌లను విడుదల చేయడానికి అధికారులను నియమించింది. ఊరికే కాదు, వెల పుచ్చుకుని. విలన్ హోదా గురించి ఇంగ్లీషు న్యాయస్థానంలో నమోదైన చివరి వ్యాజ్యం 1618 నాటిది. అంటే "లియర్ రాజు" రాసేనాటికి "నా విలన్" అనడం పూర్తిగా పురావస్తువు కాలేదు. ఇంకా ఒకటిన్నర శతాబ్దం తర్వాత ఆ చచ్చిన మాట ఒక మంచి పని చేసింది. జేమ్స్ సోమర్‌సెట్ అనే ఆఫ్రికన్ బానిసను యజమాని గొలుసులతో జమైకా ఓడ ఎక్కించాడు. ఇంగ్లీషు చట్టం ఎరిగిన బానిసత్వం విలన్ హోదా ఒక్కటేననీ, అది నశించిందనీ, కొత్త బానిసత్వాన్ని ఇప్పుడు పుట్టించడానికి చట్టంలో చోటు లేదనీ న్యాయవాది హార్‌గ్రేవ్ వాదించాడు. 1772 జూన్ 22న మాన్స్‌ఫీల్డ్ తీర్పుతో సోమర్‌సెట్ విడుదలయ్యాడు.

తర్వాత పండితులు ఒక చిన్న శస్త్రచికిత్స చేశారు. రైతును చెప్పే మాటను ఒక వర్ణక్రమంతోనూ, దుర్మార్గుణ్ణి చెప్పే మాటను మరొక వర్ణక్రమంతోనూ రాయడం స్థిరపరిచారు. చరిత్ర పాఠంలో ఒక విలన్, సాహిత్య పాఠంలో ఒక విలన్. ఇద్దరూ ఒక్కడేనని పిల్లవాడికి ఏ గదిలోనూ చెప్పరు. మన లిపిలో రాస్తే ఆ తేడా నిలవదు. తెలుగు అక్షరాలు ఆ మేరకు ఇంగ్లీషు అక్షరాల కన్న నిజాయితీ గలవి! "విల్లా" కథ ఇంకా విచిత్రం. హైదరాబాదు శివార్లలో ఇవాళ కోట్లకు అమ్ముతున్న ఇళ్ల పేరు అదే. ఆస్తి పేరు గౌరవంగా మిగిలింది, ఆ ఆస్తిలో పనిచేసినవాడి పేరు తిట్టయింది.

ఇంగ్లీషువాళ్లను ఎద్దేవా చేయడానికి మనకేమీ హక్కు లేదు. గ్రామం నుంచి "గ్రామ్యం" వచ్చింది. ఆలంకారికులు దాన్ని కావ్యదోషాల జాబితాలో చేర్చారు. నగరం నుంచి నాగరికుడు వచ్చాడు. హాలుడి గాథల్లో "పామరుడు" నాగలి పట్టిన రైతు. మన నోట్లో తెలివిలేనివాడు. వ్యావహారిక భాషోద్యమ కాలంలో గ్రాంథికవాదులు ప్రత్యర్థుల మీద విసిరిన రాయి ఈ గ్రామ్యమే. దానికి గిడుగు రామమూర్తి పంతులుగారు ఇచ్చిన జవాబు, మాది గ్రామ్యం కాదు, శిష్టవ్యావహారికం అని. ఆనాటి యుద్ధానికి ఆ జవాబు అవసరమే. పంతులుగారంత సాహసి అప్పుడు మరొకరు లేరు, సవరల భాష కోసం జీవితం ధారపోసిన మనిషిని అనుమానించడానికి నోరెట్లా వస్తుంది? అయినా మచ్చ తుడిచింది చదువుకున్నవారి మాట మీద మాత్రమే, పల్లెజనం మీద అది అట్లాగే మిగిలిపోయింది. హాలికుడు అనే మాట ఒక్కటి మన సాహిత్యంలో గౌరవంగా బతికిందంటే, అది పోతన పేరుతో ముడిపడిన కథ చలవ.

ఇక మన అభ్యుదయ సాహిత్యం సంగతి. ఇంగ్లీషువాళ్ల పందొమ్మిదో శతాబ్దపు మెలోడ్రామాలో విలన్ అనేది పాత్రకు పేరయింది. అప్పటికి ఆ వేషం తరచు భూస్వామికే దక్కేది. 1828లో ఉరితీయబడిన విలియం కార్డర్ నిజానికి కౌలురైతు కొడుకు. రంగస్థలం మీద అతన్ని దొరగా మార్చి విలన్‌ను చేశారు. చక్రం పూర్తిగా తిరిగింది. మొదట దొర రైతును విలన్ అన్నాడు, ఇప్పుడు రైతుజనం గ్యాలరీలో కూర్చుని దొరను విలన్ అని ఈలలు వేశారు. అదే వేషం మనకు నాటకం ద్వారా, సినిమా ద్వారా వచ్చింది. 1939లో గూడవల్లి రామబ్రహ్మం "రైతుబిడ్డ" తీస్తే జమీందారులు దాని ప్రదర్శనకు అడ్డుపడ్డారు. అంటే ఆ ఈల ఎవరికి తగలాలో వారికి తగిలింది. దాన్ని తక్కువ చేయను.

కాని నష్టం కూడా జరిగింది. ఆ నష్టం మనం లెక్క వేయలేదు. విలన్ అనేది ఒకప్పుడు సంబంధం. ఇప్పుడు స్వభావం. మన కథల్లో దొర తాగుతాడు, ఆడవాళ్లను చెరబడతాడు, మీసం దువ్వుతాడు, వికటాట్టహాసం చేస్తాడు. పాఠకుడికి ఒళ్లు మండుతుంది. మండనివ్వండి. కాని తాగని, చెరబట్టని, రోజూ పూజ చేసుకునే దొర ఊళ్లో వెట్టి న్యాయమైనదా? వేళకు శిస్తు రాసుకుని, నవ్వుతూ పలకరించి, పాలేరు కూతురి పెళ్లికి చీర పెట్టే ఆసామిని ఈ కథ ఏమీ చేయలేదు. విలన్‌ను నలుపు రంగు పూసి నిలబెట్టడం వల్ల మంచి భూస్వామికి మనం చేసిపెట్టిన ఉపకారం చిన్నది కాదు. చివరి అధ్యాయంలో వాడు చస్తే సమస్య తీరుతుంది, కమతాలు మాత్రం ఎవరివి వారికే వుంటాయి.

దీనికి విరుగుడు మన దగ్గర లేకపోలేదు. "కన్యాశుల్కం"లో విలన్ ఎవరో వేలు పెట్టి చూపండి. గిరీశం టక్కరి, అగ్నిహోత్రావధాన్లు కోపిష్ఠి మూర్ఖుడు, లుబ్ధావధాన్లు లోభి. ఎవరూ రాక్షసులు కారు. చిన్నపిల్లను ముసలివాడికి అమ్మడం మాత్రం రాక్షసమే. గురజాడ ఆ పాపాన్ని ఒక్కడి గుణంలో కట్టిపెట్టలేదు, అగ్రహారమంతటా పరిచి చూపాడు. దాశరథి రంగాచార్య తన నవలకు "చిల్లర దేవుళ్లు" అని పేరు పెట్టడంలో కూడా ఈ ఎరుక వుంది. ఆ పేరు చెప్పేది గుణం కాదు, ఊళ్లో వారికి వున్న స్థానం.

ఇప్పుడు మళ్లీ మా తరగతి గదికి. కార్న్‌వాల్ కూడా క్రూరుడే, కళ్లు పీకేవాడికి ఇంకో పేరు పెట్టలేం. కాని షేక్స్‌పియర్ అక్కడ ఆగలేదు. "నా" అనే ఒక్క మాటతో ఆ క్రౌర్యం ఏ హక్కు మీద నిలబడిందో చూపాడు. రీగన్ ఆ వెంటనే, ఒక రైతుముండావాడు ఇట్లా ఎదిరించడమా అని విస్తుపోయి, కత్తి అందుకుని వెనకనుంచి పొడుస్తుంది. నౌకరు చచ్చిపోతాడు. అతనికి నాటకంలో పేరు లేదు. అతను చేసిన గాయంతోనే కార్న్‌వాల్ కూడా చస్తాడు. నాటకం పొడవునా అంతమంది ప్రభువులు చేయలేని పని ఆ పేరులేనివాడు చేశాడు, చట్టం ప్రకారం విలన్ అయినవాడు.

1608 నాటి ముద్రణలో ఆ తర్వాత ఇంకా కొన్ని పంక్తులు వున్నాయి. మిగిలిన ఇద్దరు నౌకర్లు గుడ్డివాడైన గ్లౌస్టర్ వెంట పోవాలనుకుంటారు, ఒకడు నెత్తురోడే ఆ మొహానికి నారా, గుడ్డు తెల్లసొనా తేవడానికి బయలుదేరతాడు. 1623 నాటి ముద్రణలో ఆ పంక్తులు లేవు. తీసివేసింది ఎవరైనా సరే, మా పిల్లల చేత ఆ పంక్తులు పైకి చదివించాను.